ఆటలమ్మ పోసిన ఇంటికి మొదటి మూడు రోజుల్లోనే రండి: రెండు రాష్ట్రాల అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య, విద్య, సంక్షేమ, కార్మిక శాఖల ఉన్నతాధికారులకు,

గౌరవనీయులైన అధికారులారా,

నమస్కారం. మేము ఒక గురుకుల పాఠశాలలో చదువుకుంటున్న పిల్లల తల్లిదండ్రులం. ఆటలమ్మ సోకిన పిల్లలను ఇళ్లకు పంపించే తీరు గురించి, ఆ పిల్లలు చేరిన ఇళ్లలోని గర్భిణుల, పసికందుల, వృద్ధుల క్షేమం గురించి మండలంలోనూ జిల్లా కేంద్రంలోనూ లిఖితపూర్వకంగా విన్నవించుకున్నాము. అర్జీ అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. కొన్నాళ్లకు, ఇది సాధారణ వ్యాధి అనీ, దానంతట అదే తగ్గిపోతుందనీ, ప్రత్యేక చర్య అవసరం లేదనీ ఒక్క వాక్యం రాసి ఆ అర్జీని మూసివేశారు. ఆ వాక్యం వల్ల మా వంటి కుటుంబాలు ఏమి పోగొట్టుకుంటున్నాయో నేరుగా మీ దృష్టికి తీసుకురావడానికి ఈ లేఖ రాస్తున్నాము.

ఆ వాక్యంలో సగం నిజం ఉంది. ఆరోగ్యంగా ఉన్న పదేళ్ల పిల్లవాడికి ఆటలమ్మ పోస్తే వారం పది రోజుల్లో పొక్కులు పక్కు కట్టి రాలిపోతాయి. అయితే వ్యాధి ఆ పిల్లవాడి దగ్గరే ఆగదు. దీనికి కారణమైన వారిసెల్లా జోస్టర్ వైరస్ పొక్కులలోని నీటి ద్వారానే కాక గాలి ద్వారా కూడా వ్యాపిస్తుంది. ఒంటి మీద పొక్కు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, చివరి పొక్కు పక్కు కట్టే వరకు ఎదుటివారికి అంటుతూనే ఉంటుంది. ఇదివరకు ఈ వ్యాధి రానివారు, టీకా వేయించుకోనివారు ఒకే ఇంట్లో ఉంటే వారిలో పదింట దాదాపు తొమ్మిది మందికి సోకుతుంది. అందులోనూ ఇంట్లో రెండవ వరుసలో పడినవారికి మొదటి వ్యక్తి కంటే పొక్కులు దట్టంగా, జ్వరం తీవ్రంగా ఉండటం వైద్యులందరూ ఎరిగినదే. రోగి పక్కనే రాత్రింబవళ్లు గడిపిన వారి ఒంట్లోకి వైరస్ ఎక్కువ మోతాదులో చేరడమే అందుకు కారణమని చెబుతారు. చల్లని దేశాలలో దాదాపు అందరికీ చిన్నతనంలోనే వచ్చిపోయే ఈ వ్యాధి, మనవంటి వేడి దేశాలలో పెద్దయ్యేదాకా రాకుండా ఎందరినో మిగుల్చుతుంది. పిల్లవాడు బడి నుంచి తెచ్చిన వైరస్ ముప్పై ఏళ్ల తల్లికో తండ్రికో సోకినప్పుడు అది పిల్లల వ్యాధిగా ఉండదు. పెద్దలలో ఊపిరితిత్తులకు పాకి న్యుమోనియాగా మారే ప్రమాదం పిల్లలలో కంటే చాలా ఎక్కువ. పొగ తాగేవారిలో, నిండు నెలల గర్భిణులలో అది మరింత ఎక్కువ.

ఇంటివారిని కాపాడుకోవడానికి ఉన్న వ్యవధి చాలా చిన్నది. ఇంట్లో ఒకరికి పొక్కులు వచ్చాయని తెలిసిన తర్వాత, ఇదివరకు వ్యాధి రాని మిగిలిన ఆరోగ్యవంతులకు 3 రోజుల లోపల, ఆలస్యమైతే 5 రోజుల లోపల టీకా వేస్తే వ్యాధి రాకుండా పోవడానికో, వచ్చినా తేలికగా పోవడానికో అవకాశం ఉంది. పెద్దవారికి వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మాత్రలు పొక్కులు మొదలైన 24 గంటల లోపల ప్రారంభిస్తేనే పూర్తి ఫలితం ఉంటుంది. వ్యాధి నిరోధకత లేని గర్భిణి రోగికి దగ్గరగా మెలిగితే ఆమెకు ఇవ్వవలసిన ఇమ్యూనోగ్లోబ్యులిన్ (వైరస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఉన్న ఇంజెక్షన్) ఎంత త్వరగా పడితే అంత మంచిది, 10 రోజులు దాటితే పనికిరాదు. ఈ గడువులన్నీ మీ శాఖల వైద్యులకు కంఠస్థమే. కానీ పిల్లవాడికి పొక్కులు వచ్చిన నాడు ఆ తల్లికి వీటిలో ఒక్కటి కూడా ఎవరూ చెప్పడం లేదు. మా అర్జీలో అడిగింది ముఖ్యంగా ఇదే.

మా ఇంట్లో జరిగింది క్లుప్తంగా చెబుతాను. గురుకులంలో చదువుతున్న మా చిన్నమ్మాయికి జ్వరం వచ్చి పొక్కులు లేచాయి. వచ్చి తీసుకువెళ్లమని ఫోన్ చేశారు. వెళ్లేసరికి సంచీ సర్దుకొని వరండాలో కూర్చుని ఉంది. ఇద్దరం ఆర్టీసీ బస్సులోనే ఇంటికి వచ్చాము. ఇంట్లో ఎవరెవరు ఉన్నారని అక్కడ ఎవరూ అడగలేదు. అప్పటికి మా పెద్ద కోడలికి ఏడవ నెల. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ రాలేదని ఆమె తల్లి చెప్పింది. ఆ మర్నాడు ఇంటికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త అమ్మాయిని చూసి వేపాకు కాచిన నీళ్లతో తుడవమని చెప్పి వెళ్లింది. ఆమెకు తెలిసినది ఆమె చెప్పింది, ఆమెను మేము తప్పుపట్టడం లేదు. రెండు వారాల తర్వాత కోడలికి పొక్కులు వచ్చాయి, నాలుగో రోజుకు ఆయాసం పట్టుకుంది. పట్టణంలోని ప్రైవేటు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టవలసి వచ్చింది. తల్లీబిడ్డలు ఇద్దరూ దక్కారు. వైద్యానికి చేసిన అప్పు మాత్రం ఇంకా తీరలేదు. మొదటి రోజునే ఒక్కరు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అమ్మాయిని మా అక్కయ్యగారి ఇంట్లో దింపేవాళ్లం. వాళ్లందరికీ ఎప్పుడో వచ్చిపోయింది.

మా అర్జీపై సంతకాలు చేసిన కుటుంబాలలో ఒక్కొక్కరిది ఒక్కొక్క కథ. అవన్నీ కలిపి చూస్తే సామాన్యుల మీద పడుతున్న భారం ఈ విధంగా ఉంది.

1. వ్యాధి ఇంట్లో ఒక్క వారంతో పోదు. వైరస్ సోకిన నాటి నుంచి పొక్కులు లేవడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. అంటే పెద్ద పిల్లకు తగ్గిందని తల్లి ఊపిరి పీల్చుకొని పనికి వెళ్లడం మొదలుపెట్టిన వారానికే రెండవ పిల్లవాడికి మొదలవుతుంది. వాడికి తగ్గేసరికి తల్లికో తండ్రికో వస్తుంది. ముగ్గురు నలుగురు ఉన్న ఇంట్లో నెలన్నర, రెండు నెలలు ఎవరో ఒకరు మంచాన ఉంటారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, తాపీ పనివారు, బీడీలు చుట్టేవారు, ఆటో నడిపేవారు ఆ రోజులన్నీ కూలి లేకుండా గడపాలి. పనిమనిషి ఇంట్లో అమ్మవారు పోసిందని తెలిస్తే రావద్దని చెప్పేవారే తప్ప ఆ రోజులకు జీతం ఇచ్చేవారు అరుదు. అందుకే చాలామంది చెప్పకుండా పనికి వెళ్తున్నారు, వ్యాధి ఇంకో ఇంటికి చేరుతోంది. ఒకే పంపు, ఒకే మరుగుదొడ్డి ఉన్న వాటాల ఇళ్లలోనైతే ఒక గది నుంచి మొదలైనది వరుసగా అన్ని గదులకూ తిరుగుతుంది. అటువంటి ఇళ్లలో రోగిని వేరే గదిలో ఉంచండి అన్న సలహా వినడానికి బాగుంటుంది, రెండో గది ఎక్కడిది?

కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి తాను స్వయంగా జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అందుతుంది. బిడ్డకు అంటువ్యాధి వస్తే చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోయిన తల్లికి ఆ సదుపాయం వర్తించదు. ప్రభుత్వ ఉద్యోగుల విషయానికి వస్తే, ఇంట్లో మశూచి, ప్లేగు, కలరా వంటివి సోకినప్పుడు ఉద్యోగిని కార్యాలయానికి రానివ్వకుండా 21 రోజుల వరకు, తప్పనిసరైతే 30 రోజుల వరకు క్వారంటైన్ సెలవు ఇచ్చే ఏర్పాటు బ్రిటిష్ కాలం నాటి నిబంధనల నుంచి ఉంది. ఆ నిబంధనలలోనే ఆటలమ్మను మాత్రం, అది మశూచి కావచ్చునన్న అనుమానం ఆరోగ్యాధికారికి కలిగితే తప్ప లెక్కించవద్దని రాశారు. మశూచి మన దేశంలో 1975తో ఆగిపోయింది, ప్రపంచం నుంచే తొలగిపోయిందని 1980లో ప్రకటించారు. మశూచిని దృష్టిలో పెట్టుకొని పెట్టిన ఆ మినహాయింపుకు ఇప్పుడు అర్థం లేదు. ఉద్యోగులకే ఈ స్థితి ఉంటే రోజు కూలీల గురించి వేరే చెప్పనక్కరలేదు.

2. గర్భిణులకు, పుట్టిన బిడ్డలకు ప్రాణం మీదికి వస్తోంది. గర్భం దాల్చిన మొదటి 20 వారాలలో తల్లికి ఆటలమ్మ సోకితే బిడ్డకు అవయవ లోపాలు, కంటి లోపాలు, మెదడు ఎదుగుదలలో లోపాలు రావచ్చు. ఆ ప్రమాదం నూటికి ఒకటి రెండుకు మించకపోయినా, ఆ ఒక్కటి జరిగిన ఇంటికి అది నూటికి నూరే. కాన్పుకు 5 రోజుల ముందు నుంచి కాన్పు అయిన 2 రోజుల లోపల తల్లికి పొక్కులు లేస్తే, తల్లి నుంచి రక్షణ అందే వ్యవధి లేకుండానే పుట్టిన ఆ బిడ్డకు వెంటనే ఇమ్యూనోగ్లోబ్యులిన్ పడకపోతే ప్రాణాపాయం. ఈ మందు జిల్లా ఆసుపత్రిలో దొరకడం గగనంగా ఉంది. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీ కేంద్రానికే వచ్చి ఒక పూట భోజనం చేస్తున్నారు. మంచి పథకం, దాని వల్ల మేలు పొందిన తల్లులు మా కుటుంబాలలోనే ఉన్నారు. అయితే అదే గదిలో చిన్నపిల్లలు కూడా ఉంటారు. ఒక పిల్లవాడికి పొక్కులు లేచాయంటే దానికి ముందు రెండు రోజులు ఆ గదిలో కూర్చుని భోజనం చేసిన గర్భిణులందరికీ వైరస్ తగిలి ఉండవచ్చు. ఆ రోజున వారికి కబురు చేసే బాధ్యత ఎవరిదో ఏ ఉత్తర్వులోనూ మాకు కనిపించలేదు.

రుబెల్లా విషయంలో ప్రభుత్వం ఎంత ముందుచూపుతో వ్యవహరించిందో మేము చూశాము. 2017లో రెండు రాష్ట్రాలలోనూ బడి బడికీ తిరిగి తట్టు, రుబెల్లా టీకా వేశారు, గర్భస్థ శిశువును కాపాడటం కూడా దాని ఉద్దేశమే. ఆటలమ్మకు జపాన్‌లో 1974లోనే టీకా తయారైంది, అమెరికాలో 1995 నుంచి పిల్లలందరికీ ఇస్తున్నారు. మన దేశంలో పిల్లల వైద్యుల సంఘం రెండు డోసులు సిఫారసు చేస్తున్నా, ఉచిత సార్వత్రిక టీకాల జాబితాలో అది లేదు. ప్రైవేటులో ఒక డోసు వెల 2,000 రూపాయల ప్రాంతంలో ఉంది. ఇద్దరు పిల్లలకు రెండేసి డోసులంటే ఒక కూలీ కుటుంబానికి నెల సంపాదనలో పెద్ద భాగం పోతుంది. డబ్బున్న ఇంటి పిల్లలకు రాని వ్యాధి వసతి గృహం పిల్లలకు వస్తోందంటే దానికి కారణం ఇదే.

3. వసతి గృహాలు వ్యాధిని ఇళ్లకు పంచిపెడుతున్నాయి. వందల మంది పిల్లలు ఒకే పైకప్పు కింద పడుకునే చోట ఒకరికి సోకితే పాకుతుందన్న వార్డెన్ల భయం న్యాయమైనదే. అందుకే మొదటి పొక్కు కనిపించగానే ఇంటికి పంపేస్తున్నారు. కానీ అప్పటికే రెండు రోజులుగా ఆ పాప గదిలోని అందరికీ వైరస్ చేరి ఉంటుంది కాబట్టి, పంపినందువల్ల వసతి గృహానికి కలిగే రక్షణ తక్కువ. కిక్కిరిసిన బస్సుకూ ఇంటికీ కలిగే నష్టం ఎక్కువ. పంపకుండా ఉంచాలని కూడా మేము మొండిగా అనడం లేదు. కొన్ని ఇళ్లలో అందరికీ వచ్చిపోయి ఉంటుంది, అక్కడికి పంపడమే బిడ్డకు సుఖం. నిర్ణయం తీసుకునే ముందు ఆ ఇంటి పరిస్థితి అడగాలి, అడిగినట్టు రాసి ఉంచాలి.

4. పరీక్షలు ఈ వ్యాధి రోజుల్లోనే వస్తాయి. ఆటలమ్మ ఉద్ధృతంగా ఉండేది చలి తగ్గి ఎండ మొదలయ్యే నెలలలో. పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలు జరిగేదీ అప్పుడే. పొక్కులతో వచ్చిన విద్యార్థికి కొన్ని కేంద్రాలలో విడిగా గది ఇచ్చి రాయిస్తున్నారు, అటువంటి అధికారులకు మేము కృతజ్ఞులం. మరికొన్ని చోట్ల గేటు దగ్గర నుంచే వెనక్కి పంపుతున్నారు. ఏది జరుగుతుందన్నది ఆ కేంద్రం అధికారి దయ మీద ఆధారపడి ఉంది. ఇది తెలిసిన పిల్లలు జ్వరం మాత్ర వేసుకొని, నిండా చేతుల చొక్కా తొడుక్కొని, చెప్పకుండా వచ్చి హాలులో కూర్చుంటున్నారు. వారిని దోషులుగా చూడటం న్యాయం కాదు. నిజం చెబితే ఏడాది పోతుందన్న భయం వారిది.

5. జ్వరానికి మందుల దుకాణంలో ఇస్తున్న సిరప్పులలో చాలా వాటిలో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ కలిసి ఉంటుంది. ఆటలమ్మలో ఐబుప్రోఫెన్ వాడితే చర్మానికి తీవ్రమైన బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం ఉన్నందున వాడవద్దనీ, పిల్లలకు ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదనీ వైద్యులు చెబుతారు. దుకాణదారుకు ఆ మాట చెప్పే ఏర్పాటు లేదు.

6. ఆచారం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ శాఖల సిబ్బందిలో కొందరు మా మూఢత్వమే అన్ని కష్టాలకూ మూలమన్నట్టు మాట్లాడుతున్నారు. అమ్మవారు పోసిన ఇంట్లో సూది వేయించరు, పోపు పెట్టరు, మాంసం వండరు, తలస్నానం చేయించే రోజు వరకు ఒంటి మీద నీళ్లు పోయరు. పొక్కులు గోకి చీము పట్టిన పిల్లను, ఊపిరి అందని పెద్దమనిషిని కూడా అమ్మవారికి కోపం వస్తుందని ఆసుపత్రికి తీసుకువెళ్లకపోవడం వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి, ఆ తప్పును మేము సమర్థించడం లేదు. కానీ మశూచి తిరిగిన రోజుల్లో అది ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టడం చూసిన పెద్దల భయంలో నుంచి వచ్చిన కట్టుబాట్లు ఇవి. గుమ్మానికి వేపమండలు కట్టిన ఇంటికి చుట్టాలు రారు, ఆ ఇంటివారు పెళ్లికీ పేరంటానికీ వెళ్లరు, మనిషికి పక్కబట్టలు వేరుగా ఉంటాయి. రోగిని వేరుగా ఉంచండి, గుంపులోకి రావద్దు అని మీరు చెప్పేదీ అదే కదా. ఆ మర్యాదను నిలబెట్టి, దానికి కావలసినవి చేర్చితే ప్రజలు వింటారు. రోజూ గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు కడగవచ్చు, గోళ్లు కత్తిరించాలి, దురదకు కాలమైన్ రాయాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, నీళ్లు, మజ్జిగ బాగా తాగించాలి, రోగిని చూసుకునే పనికి ఇదివరకు వ్యాధి వచ్చిపోయినవారినే పెట్టాలి. ఆయాసం, ఆగని వాంతులు, మెడ బిగుసుకోవడం, మత్తు, తూలుతూ నడవడం, నాలుగు రోజులు దాటినా తగ్గని జ్వరం, పొక్కు చుట్టూ ఎర్రగా వేడిగా పాకుతున్న వాపు ఉంటే అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. ఇంత మాట గుమ్మం దగ్గర నిలబడి ఆప్యాయంగా చెప్పే మనిషి ఉంటే ఏ అమ్మమ్మా కాదనదు.

ఇవేవీ ప్రభుత్వానికి చేతకానివి కావు. 2020లో, 2021లో కోవిడ్ సోకిన ఇళ్లకు మందుల కిట్లు చేర్చినవారు మీరే. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరిగి జ్వరం లెక్కలు రాసుకున్నారు, ఇంట్లో ఉన్న రోగికి రోజూ ఫోన్ చేసి ఆక్సిజన్ శాతం అడిగారు. ఆ వ్యవస్థలోని మనుషులు అలాగే ఉన్నారు. విలేజ్ హెల్త్ క్లినిక్‌లు, పల్లె దవాఖానాలు, బస్తీ దవాఖానాలు ఉన్నాయి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, విశాఖలోని ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రి వంటి చోట్ల తరాల అనుభవం ఉన్న వైద్యులున్నారు. ఎక్కడ పది మంది పిల్లలకు పొక్కులు లేచినా వ్యాధుల వ్యాప్తిని గమనించే ఐడీఎస్పీ నిఘా విభాగానికి లెక్క వెళ్తుంది. ఆ లెక్క పైకి వెళ్లినంత వేగంగా ఒక హెచ్చరిక కింద ఉన్న ఇంటికి రావడం లేదన్నదే మా బాధ.

అందుచేత మేము కోరుతున్నవి ఇవి.

1. ఆటలమ్మ కేసు నమోదైన 24 గంటల లోపల ఆశా కార్యకర్త లేదా ఏఎన్ఎం ఆ ఇంటికి వెళ్లి మూడు ప్రశ్నలు అడిగి రాసుకోవాలి: గర్భిణి ఉన్నారా, ఏడాది లోపు పసిబిడ్డ ఉందా, క్యాన్సర్, అవయవ మార్పిడి, హెచ్ఐవీ వంటి కారణాల వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్నారా. ఉన్నారని తేలితే ఆ రోజే వైద్యాధికారితో మాట్లాడించాలి. వసతి గృహం, అంగన్‌వాడీ, పాఠశాల కూడా పిల్లను ఇంటికి పంపే ముందు ఇవే ప్రశ్నలు అడగాలి. అంగన్‌వాడీలో కేసు వస్తే ఆ కేంద్రంలోని గర్భిణులకు వెంటనే తెలియజేసి, 21 రోజుల పాటు వారి భోజనం లేదా సరుకులు ఇంటికే ఇవ్వాలి.

2. రోగితో మెలిగిన గర్భిణికి ఆటలమ్మ రాలేదని అనుకుంటే, నిరోధకత ఉందో లేదో తేల్చే రక్త పరీక్షను ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా, ఫలితం గడువు లోపల అందేలా చేయాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఇమ్యూనోగ్లోబ్యులిన్ నిల్వ ఉంచాలి, అది దొరకని చోట యాంటీవైరల్ మందుతో ఏమి చేయాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులకు రాతపూర్వకంగా తెలపాలి. ఎసైక్లోవిర్ మాత్రలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉండాలి.

3. సార్వత్రిక టీకాల జాబితాలో చేర్చడం కేంద్రం నిర్ణయించవలసిన విషయమని మాకు తెలుసు. దానిని సిఫారసు చేస్తూ రెండు రాష్ట్రాలు కేంద్రానికి రాయాలి. ఈలోగా కేసు వచ్చిన ఇంట్లో, వసతి గృహంలో వ్యాధి రానివారికి 3 రోజుల లోపల ఉచితంగా టీకా వేయడం రాష్ట్రాల చేతిలోని పనే. ఇది బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా గనుక గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి వేయకూడదన్న జాగ్రత్త ఆ ఉత్తర్వులోనే ఉండాలి.

4. ప్రతి గురుకులంలో, సంక్షేమ వసతి గృహంలో కిటికీలు ఉన్న ప్రత్యేక గది, వ్యాధి వచ్చిపోయిన ఒక ఆయా, రోజుకొకసారి నర్సు సందర్శన ఉండాలి. ఇంటికే పంపవలసి వస్తే ప్రభుత్వ వాహనంలో పంపాలి.

5. పదవ తరగతి, ఇంటర్ పరీక్షా కేంద్రాలన్నిటిలో అంటువ్యాధి సోకిన విద్యార్థికి విడి గది, వ్యాధి వచ్చిపోయిన ఇన్విజిలేటర్ ఉండాలన్నది నియమంగా రావాలి, హాల్‌టికెట్ వెనుక ముద్రించాలి. రాయలేనంత జబ్బుపడి సప్లిమెంటరీలో ఉత్తీర్ణులైన వారిని, ప్రభుత్వ వైద్యుడి ధ్రువపత్రం ఉంటే, అన్ని ప్రవేశాలకూ రెగ్యులర్ విద్యార్థులుగానే పరిగణించాలి.

6. ఇంట్లో అంటువ్యాధి ఉన్నప్పుడు ఇచ్చే సెలవు జాబితాలో ఆటలమ్మను చేర్చాలి. ఒప్పంద, పొరుగుసేవల సిబ్బందికి, పారిశుధ్య కార్మికులకు అదే వర్తించాలి. బిడ్డను చూసుకోవడానికి ఆగిపోయిన కార్మికురాలికి ఈఎస్ఐ ప్రయోజనం ఇవ్వాలని కార్మిక శాఖ కేంద్రానికి ప్రతిపాదన పంపాలి. ఏ సంస్థలోనూ లేని కూలీ కుటుంబానికి, వ్యాధి ఉన్న రోజులకు బియ్యం, పప్పు, నూనెతో కూడిన సరుకులైనా ఇంటికి చేర్చాలి.

7. పైన ఆచారం గురించి చెప్పిన ఆరవ అంశంలో రాసిన జాగ్రత్తలను, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ గురించిన హెచ్చరికను ఒక్క పేజీలో పెద్ద అక్షరాలతో ముద్రించి, తెలుగులోనూ ఉర్దూలోనూ, ఏజెన్సీ ప్రాంతాలలో గోండి, కోయ వంటి భాషలు మాట్లాడేవారికి నోటిమాటగానూ అందించాలి. మందుల దుకాణాలన్నిటికీ దాని ప్రతి పంపాలి.

వీటిలో ఒకటవ, ఏడవ కోరికలకు కొత్త బడ్జెట్ దాదాపు అవసరం లేదు, ఒక సర్క్యులర్ చాలు. అవి జనవరి రాకముందే జారీ కావాలి. ఐదవ కోరికపై ఉత్తర్వు హాల్‌టికెట్లు ముద్రించేలోపు రావాలి. మిగిలిన వాటిలో ఏది ఎప్పటికి చేయగలరో, ఏది చేయలేరో, ఎందువల్ల చేయలేరో శాఖలవారీగా లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము. దానంతట అదే తగ్గిపోతుందన్న జవాబును మాత్రం మేము మళ్లీ అంగీకరించలేము. నెల రోజులలో జవాబు రాకపోతే ఈ లేఖ ప్రతిని, మా కుటుంబాల వైద్య పత్రాలను జతచేసి, రెండు రాష్ట్రాల మానవ హక్కుల కమిషన్లకు, శాసనసభ్యులందరికీ పంపుతాము.

ఇట్లు,
భవదీయులు,
గురుకుల విద్యార్థుల తల్లిదండ్రుల పక్షాన,
ఒక విద్యార్థిని తండ్రి